దీపం తగ్గిన మాట నిజం

అమెరికాకు చెందిన మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు 2022లో ‘గ్యాస్‌లైటింగ్’ను ఆ ఏటి మాటగా ప్రకటించింది. అప్పటికే ఆ మాట మన వ్యాసాల్లోకీ, సెమినార్లలోకీ, కౌన్సెలింగ్ కేంద్రాల్లోకీ వచ్చేసింది. భర్త భార్యను, అధికారి ఉద్యోగినిని, ప్రభుత్వాలు ప్రజలను ‘గ్యాస్‌లైట్’ చేస్తున్నారని రాస్తున్నాం. ఆ మాటకు పుట్టిల్లయిన సినిమాను చూసినవాళ్ళు మాత్రం మనలో తక్కువే. చూడకపోవడం వల్ల ఒక విషయం తలకిందులైపోయింది. భార్యకు పిచ్చి పట్టించడానికి భర్త కావాలని ఇంట్లో దీపాలు తగ్గించేవాడనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చాలామంది అనుకుంటారు. సినిమాలో జరిగేది వేరు. దీపాలు తగ్గడం అతను పన్నిన పన్నాగంలో భాగం కాదు. అతనికి తెలియకుండా జారిపోయిన సాక్ష్యం అది. ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ స్త్రీలు చూసినదాన్నీ చెప్పినదాన్నీ మనం ఎలా చదువుతున్నామన్న ప్రశ్న అంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ముందు సినిమా సంగతి. ఇంగ్లీషు రచయిత పాట్రిక్ హామిల్టన్ రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకం 1938 డిసెంబరులో లండన్ దగ్గరి రిచ్‌మండ్ థియేటర్‌లో మొదటిసారి ప్రదర్శించారు. దాన్ని 1940లో థొరాల్డ్ డికిన్సన్ బ్రిటన్‌లో సినిమాగా తీశాడు. భర్త పాల్ మాలెన్‌గా ఆంటన్ వాల్‌బ్రూక్, భార్య బెల్లాగా డయానా విన్‌యార్డ్ నటించారు. అప్పటికి బ్రిటన్ యుద్ధంలో ఉంది. రాత్రిపూట ఇళ్ళలోంచి వెలుతురు బయటికి రాకూడదన్న ఆంక్షలు 1939 సెప్టెంబరు నుంచే అమల్లో ఉన్నాయి. చీకటి వీధుల్లో తడుముకుంటూ నడిచొచ్చిన జనం హాల్లో కూర్చుని, దీపం కొద్దికొద్దిగా తగ్గే కథను చూశారన్నమాట. ఆ తర్వాత ఎం.జి.ఎం. కంపెనీ హక్కులు కొనుక్కుని 1944లో జార్జ్ క్యూకర్ దర్శకత్వంలో హాలీవుడ్‌లో మళ్ళీ తీసింది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఉత్తమ నటిగా ఆస్కార్ తెచ్చింది ఈ రెండో సినిమాయే. తమ సినిమాకు పోటీ ఉండకూడదని ఎం.జి.ఎం. మొదటి సినిమా నెగటివ్‌నూ ప్రింట్లనూ లేకుండా చేయాలని చూసింది. అయినా అది బతికి బయటపడింది. ఉన్నదాన్ని లేదనిపించే ప్రయత్నం కథలో బెల్లాకే కాదు, బయట ఆ సినిమాకు కూడా ఎదురైంది. నేను ఇక్కడ ప్రధానంగా మాట్లాడేది ఈ మొదటి సినిమా గురించే.

కథ పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో పిమ్లికో స్క్వేర్ అనే చోట జరుగుతుంది. ఆలిస్ బార్లో అనే వృద్ధురాలిని ఎవరో గొంతు నులిమి చంపుతారు. ఆమె దగ్గరున్న కెంపుల కోసం ఇల్లంతా చీల్చి వెతుకుతారు. కెంపులూ దొరకవు, హంతకుడూ దొరకడు. ఇల్లు ఏళ్ళ తరబడి పాడుపడి ఉంటుంది. చివరికి పాల్, బెల్లా అనే దంపతులు అందులోకి కాపురానికొస్తారు. పై అంతస్తులు మూసే ఉంచుతారు. అప్పటినుంచీ ఇంట్లో వస్తువులు కనపడకుండా పోతుంటాయి. గోడ మీది పటం మాయమవుతుంది. పెట్టెలో పెట్టుకున్న నగ ఉండదు. ఒక పెద్దింట్లో సంగీత కచేరీకి వెళ్ళినప్పుడు, నలుగురి మధ్యా, తన గడియారం పోయిందంటాడు పాల్. అది బెల్లా చేతిసంచిలోంచే బయటికి తీస్తాడు. ఆమె అక్కడే ఏడ్చేస్తుంది. పరువు పోయిందన్న ముఖంతో ఆమెను ఇంటికి తీసుకొస్తాడు. ఇవన్నీ చేసేది అతనే. నీకు మతిమరుపు, నీకు దొంగబుద్ధి, నీకు మతి తప్పుతోంది అని ప్రేమగానూ కోపంగానూ మార్చిమార్చి చెప్పేదీ అతనే. ఆమె బంధువు విన్సెంట్ వస్తే గడప తొక్కనివ్వడు.

అతను రోజూ రాత్రి బయటికి వెళ్తానని చెప్పి వెళ్తాడు. నిజానికి పక్కింటి మీదుగా తమ ఇంటి పై అంతస్తుల్లోకే చేరి, కెంపుల కోసం వెతుకుతుంటాడు. అతనే ఆ పాత హంతకుడు లూయీ బావర్. చీకట్లో వెతకలేడు కాబట్టి అక్కడ గ్యాస్ దీపం వెలిగిస్తాడు. ఇల్లంతటికీ గ్యాస్ ఒకే గొట్టంలో వస్తుంది. పైన ఒక దీపం వెలిగితే కింద బెల్లా గదిలో దీపం కాస్త కుంగుతుంది. అతను ఆర్పితే మళ్ళీ లేస్తుంది. బెల్లా గమనించేది దీన్నే. ఆ మాట ఎత్తితే, అదంతా నీ ఊహ అంటాడు. పటం, నగ, గడియారం అతను ఆలోచించి చేసిన పనులు. వాటి మీద అతనికి పూర్తి అధికారం ఉంది. దీపం మీద మాత్రం లేదు. అబద్ధాలతో అల్లిన ఆ ఇంట్లో నిజం చెప్పేది అదొక్కటే. దాన్ని చదవగలిగేది బెల్లా ఒక్కతే.

ఈ సినిమాను పలాసలో మా ఇంట్లో ఒక ఆదివారం నలుగురైదుగురు ఆడవాళ్ళతో కలిసి చూశాను. లాప్‌టాప్‌లో తెలుపు నలుపు బొమ్మ, నాకే సరిగా అందని ఇంగ్లీషు ఉచ్చారణ. మధ్యమధ్య ఆపి కథ చెప్పాను. మొదటిసారి దీపం తగ్గినప్పుడు నేనింకా నోరు తెరవలేదు. మా పిన్నమ్మ అనేసింది: “ఎవుడో మోటారేసినాడే! ఊరికినే తగ్గిపోద్దేటి?” ఉద్దానంలో తోటలకు నీళ్ళు పెట్టే మోటార్లు వేస్తే, ఊళ్ళో బల్బులు ఎర్రగా కుంగడం మాకందరికీ తెలుసు. బల్బు చూసి ఎవరి తోటలో నీళ్ళు తిరుగుతున్నాయో చెప్పగలిగినవాళ్ళున్నారు. అక్కడున్న కుర్ర పిల్ల ఒకతె అడిగింది: “మరి ఆమెకా మాత్రం తెల్దేటి?” మా పిన్నమ్మ తల కూడా తిప్పకుండా అంది: “తెలుసే. సెప్తే ఇనేవోలు ఎవులున్నారు?”

సినిమా మొత్తాన్నీ ఆ రెండు మాటల్లో చెప్పేసిందని తర్వాత నాకు తట్టింది. మనం ఇన్నాళ్ళూ ‘గ్యాస్‌లైట్’ను ఒక స్త్రీ మనసు ఎలా విరుగుతుందో చూపే సినిమాగా చదివాం. మా పిన్నమ్మ దాన్ని ఒక స్త్రీకి ఏం తెలుసో చూపే సినిమాగా చదివింది. ఆమె ముప్ఫయ్యేళ్ళు జీడి ఫ్యాక్టరీలో పనిచేసింది. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమ నడిచేదే ఆడవాళ్ళ చేతుల మీద. పిక్క కొట్టడం దగ్గర్నుంచీ పొట్టు తీయడం, గుండూ బద్దా వేరుచేయడం దాకా వాళ్ళే. జీడి నూనె అంటి చేతులు నల్లబడతాయి, పొక్కుతాయి. పప్పు రంగులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ కళ్ళు పట్టేస్తాయి. ఆ తేడా పట్టినందుకే కూలి, పట్టకపోతే కోత. ఇంత సూక్ష్మంగా చూసే కన్నుకు ఫ్యాక్టరీలో విలువ కడతారు, తక్కువే అయినా. అదే కన్ను ఇంట్లో ఏదైనా చూస్తే దానికి ‘అనుమానం’ అని పేరు పెడతారు.

బెల్లాకు ఉన్నది కూడా ఇలాంటి చూపే. రోజంతా అదే గదిలో, అదే దీపం కింద కూర్చునే మనిషికి మాత్రమే ఆ దీపం ఎంతలో ఉండాలో తెలుస్తుంది. భర్త ఆమెను ఇంట్లో బంధించాడు. బంధించడం వల్లే ఆ ఇంటి ఊపిరి ఆమెకు తెలిసిపోయింది. ఇంటిపని చేసే స్త్రీలందరి దగ్గరా ఈ జ్ఞానం ఉంటుంది. బియ్యం డబ్బాలో మట్టం, గడియ పడే చప్పుడు, భర్త చెప్పుల మీది మట్టి రంగు, అతను లోపలికొచ్చే అడుగు బరువు. దీన్ని జ్ఞానమని ఎవరూ అనరు. సాహిత్య విమర్శలో కూడా మనం దీన్ని ‘గృహిణి సున్నితత్వం’ అని తేల్చేశాం. కానీ ఈ సినిమాలో హత్యకేసు తేలడానికి ఆధారం ఇదే. రెండు దశాబ్దాలుగా లండన్ పోలీసులకు దొరకనిది ఒక గృహిణి దీపం దగ్గర పట్టుకుంది.

అయితే సినిమా ఆమెను నమ్మిందా? ఇక్కడే చిక్కు. బెల్లా చూసినది నిజమని తేలాలంటే రఫ్ అనే మాజీ డిటెక్టివ్ రావాలి. అతను పాల్‌ను వీధిలో చూసి బావర్‌గా గుర్తుపడతాడు, వెంటాడతాడు, బెల్లాను కలుస్తాడు. నాటకంలో అతని కళ్ళముందే దీపం తగ్గుతుంది. 1944 సినిమాలో ఈ ముసలి డిటెక్టివ్ స్థానంలో జోసెఫ్ కాటన్ నటించిన అందమైన యువ అధికారి వస్తాడు. అతను కూడా దీపం తగ్గడాన్ని చూసినప్పుడు నాయిక ముఖంలో కనిపించే ఊరట బెర్గ్‌మన్ నటనలో గొప్ప క్షణం. ఫెమినిస్టు సినిమా విమర్శకురాలు డయాన్ వాల్డ్‌మన్ 1984లోనే ఈ విషయాన్ని ఎత్తిచూపింది. ఆ దశాబ్దపు ఇలాంటి సినిమాల్లో స్త్రీ చూసినది నిజమయ్యేది మరో మగవాడు అవునన్నప్పుడేనని ఆమె వాదన. మేరీ ఆన్ డోన్ 1987లో వచ్చిన ‘ది డిజైర్ టు డిజైర్’ పుస్తకంలో ఈ సినిమాల్లో స్త్రీ చూపు ఎలా అనుమానపు జబ్బుగా మారిపోతుందో చర్చించింది. ఒక మగవాడు కాదన్నదాన్ని ఇంకో మగవాడు అవునంటే తప్ప ఆమె చూపుకు విలువ లేదు. భర్త చేతిలోంచి పోలీసు చేతిలోకి వెళ్ళిన నిజం ఆమె చేతికి ఎప్పుడొస్తుంది?

ఇంట్లో వేరే ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వంటమనిషి ఎలిజబెత్, పనిపిల్ల నాన్సీ. మన ఫెమినిస్టు చర్చల్లో బెల్లా గురించి మాట్లాడినంతగా వీళ్ళ గురించి మాట్లాడం. పటం పోయినప్పుడు పాల్ వాళ్ళిద్దర్నీ భార్య ఎదుటే పిలిచి ఒక్కొక్కరినీ అడుగుతాడు. నాటకంలో ఎలిజబెత్ చేత బైబిల్‌ను ముద్దు పెట్టించి ప్రమాణం చేయిస్తాడు. చూడటానికి ఇది పనివాళ్ళ మీద విచారణ. అసలు శిక్ష భార్యకు. పనివాళ్ళు తీయలేదంటే తీసింది నువ్వే అని వాళ్ళ ఎదుటే తేల్చడం అది. పనివాళ్ళకు ఇందులో గౌరవమేమీ దక్కదు. వాళ్ళ నిజాయితీ అతనికి ఒక పనిముట్టు. నాన్సీకి ఇంకో ఆశ చూపిస్తాడు. ఆమెను వినోదశాలకు తీసుకెళ్తాడు. యజమానురాలిని లెక్కచేయకపోవడం నాన్సీకి ఒక చిన్న అధికారంలా కనిపిస్తుంది. అతి తక్కువ జీతంతో, నిద్రలేని పనితో బతికే పిల్లకు ఆ కాస్త పైచేయి ఎందుకు తియ్యగా ఉంటుందో అర్థం చేసుకోవచ్చు. ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు నమ్మకుండా ఉంటేనే ఆ ఇంట్లో అతని మాట చెల్లుతుంది. కులం, వర్గం అడ్డుగా ఉన్న మన ఇళ్ళలో యజమానురాలికీ పనిమనిషికీ మధ్య జరిగేదీ దీనికి దూరం కాదు. వస్తువు పోతే మనం మొదట ఎవర్ని అనుమానిస్తామో ఒకసారి ఆలోచించుకోవాలి.

1944 సినిమాలో ఎలిజబెత్ ఘట్టం ఇంకా బాధపెడుతుంది. అధికారి వచ్చి వెళ్ళాక భర్త వచ్చి, ఎవరొచ్చారని నిలదీస్తాడు. ఇల్లాలిని కాపాడాలనుకుని ఎలిజబెత్, నేనెవర్నీ చూడలేదంటుంది. ఆ మాటతో నాయిక తాను కలగన్నానేమోనని కుప్పకూలుతుంది. మేలు కోరి చెప్పిన అబద్ధం కూడా ఆమెను పిచ్చి అంచుకే నెట్టింది. ‘సర్దుకుపో, అలాంటిదేం లేదు, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అని మన తల్లులూ అత్తలూ అక్కలూ ప్రేమతోనే చెప్పే మాటలు గుర్తొచ్చాయి నాకు.

టెక్కలి వైపు నాకు వదిన వరస అయ్యే ఒకామె ఉంది. ఆమె కాపురంలో కూడా వస్తువులు పోయేవి. దిద్దులు, గ్యాస్ పుస్తకం, పిల్ల ఆసుపత్రి కాగితాలు, డబ్బాలో దాచిన డబ్బు. రెండ్రోజులకు అవి ఆమె బీరువాలోనో, దిండు కిందో దొరికేవి. ‘నీకు బుర్ర పనిచెయ్యట్లేదు’ అని భర్త చుట్టాల ముందు నవ్వుతూ అనేవాడు. కొన్నాళ్ళకు నవ్వడం మానేశాడు. ఆమె కూతురి పాత నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది. ఏ వస్తువు ఎక్కడ పెట్టింది, ఏ రోజు, ఎన్ని గంటలకు. పెద్దమనుషుల దగ్గర తగువు పెట్టినప్పుడు ఆ పుస్తకం చూపించింది. ఒక పెద్దాయన నాలుగు పేజీలు తిప్పి, ఇంట్లో ప్రతిదీ గంటలతో సహా రాసుకునే ఆడది మామూలు మనిషేనా అన్నాడు. తన మతి సరిగా ఉందని చూపడానికి తెచ్చిన పుస్తకమే ఆమె పిచ్చికి రుజువైపోయింది.

ఆ పుస్తకాన్ని సరిగా చదివింది ఆమె అక్క. పెద్దగా చదువుకోలేదు. తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టి చూసింది. వస్తువులు పోయినవన్నీ ఒకలాంటి రోజుల్లోనే. పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్ళు ఉద్దానంలో ఇచ్చిన కొబ్బరితోటను తన పేరున రాయమని భర్త అడిగిన మర్నాడో, మూడోనాడో. ఈమె కాదన్న ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది. పిమ్లికో స్క్వేర్‌లో కెంపులు, ఇక్కడ కొబ్బరి చెట్లు. పిచ్చి అనే ముద్ర ఎక్కడ వేసినా దాని వెనక ఆస్తి ఏదో ఉందేమో వెతకడం మంచిదని ఆ రోజు నాకర్థమైంది. ఇప్పుడామె విడిగా ఉంటోంది. తోట ఆమె పేరునే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు సగం చెట్లు కూలిపోయాయి. మిగతా సగంతో బతుకుతోంది.

రాసుకోవడమే జబ్బుగా కనిపించడం కొత్త కాదు. అమెరికన్ రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ కథలో, డాక్టరైన భర్త భార్యను విశ్రాంతి పేరుతో ఒక గదిలో పెడతాడు. రాయొద్దంటాడు. ఆమె దొంగచాటుగా రాస్తుంది. గోడ కాగితం మీది గీతల్లో బందీ అయిన స్త్రీ ఆమెకు కనిపిస్తుంది. అక్కడ గోడ, ఇక్కడ దీపం. రెండుచోట్లా స్త్రీ తన చుట్టూ ఉన్న వస్తువుల్నే చదివింది. తేడా ఒకటుంది. గిల్మన్ కథలో ఆమె చదివినది నిజమేనని చెప్పే మనిషి ఎవరూ రారు. బెల్లాకు ఒకరు వచ్చారు. రచయిత్రులుగా మనకు ఈ రెండో సంగతి ఎక్కువ పని పెడుతుంది. ఎవరు రావాలి? పోలీసేనా?

చట్టం దగ్గరికెళ్తే అక్కడా ఈ కథే. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. 1976 సవరణతో ‘మానసిక రుగ్మత’ అనే మాటను అందులో విస్తరించి రాశారు. భార్యాభర్తలిద్దరికీ వర్తించే సెక్షనే. కానీ ఇంట్లో డబ్బు, బయట మాట చెల్లుబాటు ఎవరికి ఉంటే వాళ్ళకే అది పనికొస్తుంది. రామ్ నారాయణ్ గుప్తా, రామేశ్వరీ గుప్తా కేసులో 1988లో సుప్రీంకోర్టు, జబ్బుకు ఒక పేరు తగిలించినంత మాత్రాన విడాకులు ఇవ్వలేమనీ, అది కలిసి బతకలేనంత తీవ్రమైనదని రుజువు కావాలనీ చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 105వ సెక్షన్ ప్రకారం, కోర్టులో ఒకరు మానసిక జబ్బుకు రుజువు చూపితే, రెండోవాళ్ళు దాన్ని కాదంటే, కోర్టు ఆ విషయాన్ని సంబంధిత బోర్డు పరిశీలనకు పంపాలి. 2005 గృహహింస చట్టం మాటలతో, మనసుతో చేసే హింసనూ, ఆర్థిక హింసనూ హింసగానే గుర్తించింది. 1983లో వచ్చిన 498ఎ సెక్షన్‌లోని క్రూరత్వపు నిర్వచనంలో మానసిక ఆరోగ్యానికి చేసే హాని కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. ఇవన్నీ మన ఉద్యమాలు సాధించుకున్నవే. అయినా వీటిలో దేన్ని ఉపయోగించుకోవాలన్నా మొదటి మెట్టు ఒకటే. ఆమె చెప్పేది ఎవరో ఒకరు వినాలి. దిద్దులు పోయి దిండు కింద దొరికాయంటే నవ్వకుండా కాగితం తీసి రాసుకోవాలి.

‘అంతా నీ అనుమానం’ అనే మాటకు మా ప్రాంతంలో ఇంకో ఖరీదు కూడా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో అందరికీ తెలుసు. ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ జబ్బు మొదట్లో పెద్దగా బయటపడదు. నీరసం, ఆకలి లేకపోవడం, ఒళ్ళు బరువుగా ఉండడం. ఇవి మగవాడు చెబితే పరీక్షకు తీసుకెళ్ళి, ఆడది చెబితే ‘పని తప్పించుకోడానికి’ అనడం నేను చుట్టాల ఇళ్ళలో విన్నాను. క్రియాటినిన్ కాగితం చేతికొచ్చాకగానీ ఆమె నీరసం నిజం కాలేదు. కాగితం వచ్చేసరికి ఆలస్యమైన ఇళ్ళున్నాయి. ఇక్కడ కుట్ర పన్నిన పాల్ మాలెన్ ఎవరూ లేరు. అయినా ఫలితం అదే. స్త్రీ తన ఒంట్లో దీపం తగ్గుతోందని చెప్పింది. ఇంట్లోవాళ్ళు లేదన్నారు.

అందుకే పోలీసు లేకుండా నిజం తేలే కథలు మనకు అవసరం. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ మనలో చాలామంది పాఠం చెప్పిందే. ఇల్లు తీర్చిదిద్దడంలో మునిగిన గృహిణి ఒకరోజు తన పేరేమిటో మరిచిపోతుంది. భర్తకూ ఇరుగుపొరుగుకూ అది పెద్ద విషయంగా తోచదు. పేరు లేకపోయినా ఇల్లు నడుస్తోంది కదా! చివరికి చిన్ననాటి స్నేహితురాలు కలిసి ఆమెను శారద అని పిలుస్తుంది. ఆమె చదువు, పాటలు, బొమ్మలు అన్నీ గుర్తుచేస్తుంది. ఈ కథను ‘గ్యాస్‌లైట్’ పక్కన పెట్టి చదివితే రెండు విషయాలు కనిపిస్తాయి. శారద భర్త దుర్మార్గుడేమీ కాదు. ఏ కెంపుల కోసమూ వెతకడు. మామూలు సంసారం మామూలుగా సాగుతూనే ఒక స్త్రీ జ్ఞాపకాన్ని తుడిచేయగలదు. ఇది హామిల్టన్‌కు తట్టని సంగతి. రెండోది, శారదకు తన జ్ఞాపకం తిరిగి దొరికింది మరో స్త్రీ దగ్గర. టెక్కలిలో నోటుపుస్తకం చదివిన అక్క, పలాసలో మోటారు సంగతి చెప్పిన పిన్నమ్మ, ఈ స్నేహితురాలు ఒకే పని చేశారు. ఆమె చూసినదాన్ని ఆమెతోపాటు చూశారు.

సినిమా ముగింపులో పాల్‌ను కుర్చీకి కట్టేసి ఉంచుతారు. కట్లు కోయమని భార్యను బతిమాలుతాడు. కత్తి ఆమె చేతికొస్తుంది. తానే పిచ్చిదాన్నైతే ఇక కట్లెలా కోయగలనని అతని మాటనే అతనికి తిరగేసి చెబుతుంది. అతను అన్నేళ్ళు ఆమెకు తొడిగిన పిచ్చిని ఆమె తీసి అతని మీదకే విసిరిన ఆ ఘట్టం ఇప్పటికీ ఒళ్ళు జలదరింపజేస్తుంది. చూస్తున్న ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టడం గమనించాను. కానీ ఆ తర్వాత? అతనికి అంతకుముందే మరో భార్య ఉంది కాబట్టి బెల్లాకు చట్టప్రకారం పెళ్ళే లేదు. ఆమె ఎక్కడుంటుంది, దేనితో బతుకుతుంది, ఏ గదిలోనైనా దీపం కాస్త తగ్గితే ఏమవుతుంది అన్నవి సినిమా అడగదు. హంతకుడు పట్టుబడితే కథ అయిపోయిందనుకోవడం థ్రిల్లర్‌కున్న పరిమితి. మన రచయిత్రులు రాయాల్సిన కథ అక్కడ మొదలవుతుంది.

మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ఈ అనుభవానికి తెలుగులో పేరు లేదనీ, ‘గ్యాస్‌లైటింగ్’ను అలాగే వాడుకోక తప్పదనీ ఒక సెమినార్‌లో విన్నాను. మన ఆడవాళ్ళు ‘నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాడు’ అని ఎప్పటినుంచో అంటున్నారు. ఆ మాటను గమనించండి. నాకు పిచ్చి అనడం లేదు. నన్ను పిచ్చిదాన్నిగా ఒకడు తయారుచేస్తున్నాడని అంటోంది. చేసేవాడెవడో, చేయబడేది ఎవరో, అది జరుగుతుండగానే ఆమెకు తెలుసో లేదో, అన్నీ ఆ వాక్యంలో ఉన్నాయి. మనం దాన్ని ఏడుపుగా విన్నాం, వాంగ్మూలంగా వినలేదు. కొత్త మాట వల్ల మేలు లేదని కాదు. పేరు దొరికాక ఊపిరి పీల్చుకున్న స్త్రీలు చాలామంది. కానీ ప్రతి అబద్ధాన్నీ, ప్రతి వాదననీ ఆ పేరుతో పిలిస్తే, రోజుల తరబడి ఒక మనిషి చూపును పథకం ప్రకారం కూల్చే హింసకు విడిగా పేరు లేకుండా పోతుంది. 2019లో ‘అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ’లో పేజ్ స్వీట్ రాసిన వ్యాసం దీన్ని కేవలం ఇద్దరు మనుషుల మనస్తత్వ సమస్యగా చూడొద్దంది. స్త్రీ మాటకు సమాజంలో ముందే విలువ తక్కువ కాబట్టే ఆ హింస పనిచేస్తుందని వాదించింది. పెద్దమనుషుల తగువు చూసినవాళ్ళెవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు.

దీపాన్ని భర్త చేతిలో ఆయుధంగా గుర్తుపెట్టుకున్నంతకాలం మనకు కనిపించేది అతని తెలివే. ఆమె సాక్ష్యంగా గుర్తుపెట్టుకుంటే ఆమె తెలివి కనిపిస్తుంది. చదివే పద్ధతి మారుతుంది. అడిగే ప్రశ్న కూడా మారుతుంది. ఒక స్త్రీ వచ్చి మా ఇంట్లో దీపం తగ్గుతోందని చెబితే, నిజంగానే తగ్గిందా, నువ్వు సరిగా చూశావా అని అడగడం మనకు అలవాటు. స్నేహితురాళ్ళుగా, పాఠాలు చెప్పేవాళ్ళుగా, విమర్శ రాసేవాళ్ళుగా మనం అడగాల్సింది వేరు. ఎన్నింటికి తగ్గింది, మళ్ళీ ఎన్నింటికి లేచింది, ఆ వేళకు ఇంట్లో ఎవరు లేరు?